ఎనుమాముల మిర్చి, ఢిల్లీ గ్రాంటు

ప్రశ్న: నమస్కారం సార్. హనుమకొండ దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. రెగ్యులర్ పోస్టే. వయసు 39. పీహెచ్‌డీ అయి మూడేళ్లయింది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారు కాబట్టి ప్రతి ఒక్కరూ ఒక గవర్నమెంటు ప్రాజెక్టు తేవాలని మేనేజ్‌మెంట్ టార్గెట్ పెట్టింది. ఎండుమిర్చిలో తేమను కొలిచే చిన్న పరికరం చేయాలని నా ఆలోచన. రెండు చోట్లకు పంపాను, రెండూ తిరిగొచ్చాయి. పీఐగా (ప్రాజెక్టుకు ముఖ్య బాధ్యుడిగా) తన పేరు పెట్టమని మా హెచ్‌ఓడీ సార్ అంటున్నారు. పది శాతం ఇస్తే గ్రాంటు ఇప్పిస్తానని హైదరాబాద్ కన్సల్టెంట్ ఒకాయన ఫోన్ చేస్తున్నాడు. అసలు ఐఐటీ, ఎన్‌ఐటీ వాళ్లకు తప్ప మాలాంటి కాలేజీలకు ఇస్తారా? ఎక్కడ వెతకాలి? చాలా టెన్షన్‌గా ఉంది. నా ప్రపోజల్ జత చేశాను, చూడగలరు.
– ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందుగా ఆ పది శాతం పెద్దమనిషి నంబరు ఫోన్లోంచి తీసేయండి. గ్రాంటు డబ్బు మీ చేతికి రాదు, కాలేజీ పేరున ఉన్న ఖాతాకు వస్తుంది. పరికరాలకింత, మనుషులకింత, ప్రయాణాలకింత అని పద్దులవారీగా వస్తుంది. అందులో కమీషన్ అనే పద్దు ఎక్కడా ఉండదు. ఆయనకు ఇవ్వాలంటే మీరు దొంగ బిల్లు పెట్టాలి, దాని కింద సంతకం మీది. ఆయన సంతకం ఎక్కడా ఉండదు. ఇక ఈ సంగతి వదిలేద్దాం.

మీ ప్రపోజల్ రెండుసార్లు చదివాను. ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ ప్రపంచవ్యాప్తంగా వ్యవసాయ రంగంలో విప్లవాత్మక మార్పులు తెస్తోంది’ అని మొదలుపెట్టారు. తర్వాత క్లౌడ్ వచ్చింది, మెషిన్ లెర్నింగ్ వచ్చింది, ఒక పెద్ద బ్లాక్ డయాగ్రం వచ్చింది. మిర్చి అన్న మాట నాలుగో పేజీలో కనబడింది. మన వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ పేరు చివరిదాకా లేదు. ఇంటి నుంచి అరగంట దూరంలో అంత పెద్ద మార్కెట్‌ను పెట్టుకుని, ఏ ఊళ్లో కూర్చుని అయినా రాయగలిగిన ప్రపోజల్ రాశారు. రివ్యూయర్ ముందు అలాంటివి దొంతర ఉంటాయి. మీదీ అందులో కలిసిపోయి ఉంటుంది.

ఫిబ్రవరి, మార్చిల్లో ఒకసారి పొద్దున్నే ఎనుమాములకు వెళ్లండి. జెండా పాట (ఆ రోజు గరిష్ఠ ధర తేల్చే వేలం) అయ్యాక ఖరీదుదారు ఒక్కో బస్తా దగ్గర ఏం చేస్తాడో చూడండి. మూతి విప్పి, మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి గుప్పెడు కాయలు తీస్తాడు. పిసుకుతాడు. ఒక కాయను చెవి దగ్గర ఆడిస్తాడు, గింజలు గలగలమంటే ఆరింది అని లెక్క. తొడిమ దగ్గర విరిచి చూస్తాడు. అర నిమిషంలో ధర చెప్పేసి పక్క బస్తాకు పోతాడు. తేమ ఉందంటే ధర కోస్తాడు. నెల్లాళ్లు కల్లంలో ఆరబోసి, మంచు పడితే కప్పి, ఎండ వస్తే తిరగేసిన రైతు పక్కన నిలబడి చూస్తుంటాడు. ఆయన చేతిలో అడ్డం చెప్పడానికి ఒక అంకె ఉండదు. నిల్వకు మిర్చిలో తేమ 10–11 శాతం ఉండాలని పుస్తకాలు చెబుతాయి. కాని పుస్తకానికీ బస్తాకూ మధ్య ఇప్పుడున్నది ఖరీదుదారు అరచెయ్యి ఒక్కటే.

మీ ప్రపోజల్ మొదటి పేజీ ఇదే. ‘బస్తా మిర్చి ధరను తేమ నిర్ణయిస్తోంది, ఆ తేమను చేత్తో అంచనా వేస్తున్నారు, వడ్లకు పనిచేసే మీటరు మిర్చికి పనిచేయదు, ఎందుకంటే...’ ఈ ‘ఎందుకంటే’ తర్వాత మీ ఇంజినీరింగ్ మొదలవ్వాలి. వడ్లగింజ గట్టిది, డబ్బాలో పోస్తే ఇంచుమించు ఒకేలా సర్దుకుంటుంది. మిర్చికాయ లోపల డొల్ల. గట్టిగా తొక్కిన బస్తాలో ఒక కెపాసిటెన్స్ (మీటరు కొలిచే విద్యుత్ గుణం), వదులుగా నింపిన బస్తాలో ఇంకొకటి వస్తుంది, తేమ మాత్రం రెండింటిలో ఒకటే. పైతొక్క తేమ వేరు, గింజ తేమ వేరు. పొద్దుటి చలికీ మధ్యాహ్నం ఎండకూ రీడింగ్ మారుతుంది. తేజ రకానికి సరిపోయిన లెక్క లావుపాటి చపాటాకు సరిపోతుందో లేదో ఎవరైనా చూడాలి. అన్నట్టు, వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఒక్క మాట మొదటి పేజీలో ఉంటే ఢిల్లీలో చదివేవాళ్లకు ఊరు గుర్తుండిపోతుంది.

ఇంకొక లోపం. మీ పరికరం చూపించే అంకె నిజమో కాదో దేనితో సరిచూస్తారో రాయలేదు. ‘హాట్ ఎయిర్ ఓవెన్’ అని ఒక్క ముక్క ఉంది. మసాలా దినుసులను ఓవెన్‌లో పెడితే నీటితోపాటు నూనెలు కూడా కొంత ఆవిరైపోతాయి, తేమ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే వాటికి టోలీన్ అనే ద్రావకంతో డిస్టిల్ చేసే పద్ధతి వాడతారు. ఇది ఈసీఈ వాళ్లకు తెలియాలని లేదు, నాకూ ఒక కెమిస్ట్రీ మిత్రుడు చెబితేనే తెలిసింది. కాని రివ్యూ చేసేవాళ్లలో ఒక్క ఫుడ్ టెక్నాలజీ మనిషి ఉన్నా అక్కడే పెన్ను ఆగుతుంది. కాబట్టి మీకొక కో-పీఐ కావాలి. మీ కాలేజీలో పక్క గది ఆయనను పెట్టుకోవద్దు. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వరంగల్‌లోనే ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. మహబూబాబాద్ జిల్లా మల్యాలలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, మిర్చి వాళ్ల పంటే. ఒక రోజు సెలవు పెట్టి వెళ్లి మాట్లాడండి.

ఇప్పుడు ఎక్కడ వెతకాలన్నది. ఏళ్లుగా చూస్తున్నాను, మనవాళ్లు స్కీముల జాబితా ముందర పెట్టుకుని దేనికి ఏం రాయాలా అని ఆలోచిస్తారు. నేను తిరగేసి అడుగుతాను: ఈ మిర్చి తేమ ఎవరి తలనొప్పి? ఎవరి తలనొప్పో వాళ్ల దగ్గరే డబ్బు ఉంటుంది. రైతు, అడ్తిదారు, కోల్డ్ స్టోరేజీ వాళ్లు సరే, గవర్నమెంటులో ఎవరిది? వ్యవసాయం, నీరు విషయాల్లో సెన్సర్ల కోసం కేంద్రం ప్రత్యేకంగా ఒక హబ్ (పరిశోధన కేంద్రం) పెట్టింది. 2018లో 3,660 కోట్లతో సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ (సెన్సర్లు, కంప్యూటర్లతో నడిచే యంత్రాలు) మిషన్ అని ఒకటి మొదలైంది, దాని కింద దేశమంతా 25 హబ్‌లు. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాల హబ్ తిహాన్ ఉంది. పంజాబ్‌లోని ఐఐటీ రోపర్‌లో ఉన్నది ‘అవధ్’, వ్యవసాయం, నీటి టెక్నాలజీల హబ్. ఇలాంటి హబ్‌లు అప్పుడప్పుడు బయటివాళ్లనుంచి ప్రపోజల్స్ పిలుస్తాయి. మీ ఆలోచనకు అసలైన ఇల్లు అది. మీరు పంపిన రెండు చోట్లూ ఎందుకు ఎంచుకున్నారో మీ ఉత్తరంలో లేదు. గడువు దగ్గర పడింది కాబట్టి పంపి ఉంటారు అనుకుంటున్నాను.

అయితే మొదటి గ్రాంటు అక్కడినుంచే రావాలని పట్టు పట్టకండి. మొదటిదాని కోసం ఏఎన్‌ఆర్‌ఎఫ్ వైపు చూడండి, అంటే పరిశోధనలకు గ్రాంట్లు ఇచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. చాలా కాలేజీల నోటీసు బోర్డుల్లో ఇంకా పాత బోర్డు పేరు ‘సెర్బ్’ అనే రాస్తున్నారు. 2023లో చట్టం వచ్చింది, 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లోకి వచ్చింది, సెర్బ్ ఇందులో కలిసిపోయింది. పాత ఫార్మాట్లు సీనియర్ల పెన్‌డ్రైవ్‌లోంచి తెచ్చుకుని నింపేవాళ్లు ఇంకా ఉన్నారు, మీరు ఆ పని చేయవద్దు. ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు ఐదేళ్లకు 50,000 కోట్లు అని పేపర్లో చదివి ఉంటారు. అందులో ఎక్కువ భాగం గవర్నమెంటు బయటనుంచి రావాలని అంచనా, కాబట్టి ఆ అంకె చూసి మురిసిపోకండి. 2025 జులైలో కేబినెట్ ఒప్పుకున్న లక్ష కోట్ల పథకం కూడా మనది కాదు. అది ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే అప్పు. మీ మేనేజ్‌మెంట్ దాని గురించి అడిగితే ఇదే చెప్పండి.

మీకు పనికొచ్చేది టేర్. పూర్తి పేరు టీచర్స్ అసోసియేట్‌షిప్ ఫర్ రీసెర్చ్ ఎక్సలెన్స్. సెర్బ్ కాలం నాటిది. ‘మాలాంటి కాలేజీలకు ఇస్తారా’ అని అడిగారు కదా, ఇది పుట్టిందే రాష్ట్ర యూనివర్సిటీల్లో, ప్రైవేటు కాలేజీల్లో రెగ్యులర్‌గా పనిచేసే మీలాంటివాళ్ల కోసం. మీరు మీ ఉద్యోగంలోనే ఉంటారు. ఏడాదికి కనీసం 90 రోజులు ఒక ఐఐటీలోనో, ఎన్‌ఐటీలోనో, జాతీయ ప్రయోగశాలలోనో పనిచేస్తారు. మూడేళ్లు. మీకు ఏడాదికి 60,000 ఫెలోషిప్, పరిశోధనకు ఏడాదికి 5 లక్షలు. ఆ 5 లక్షల్లో సగం అక్కడికి, సగం మీ కాలేజీకి. డబ్బు చిన్నదే. కాని మీ కాలేజీలో లేని, ఇలాంటి కొలతలకు వాడే నెట్‌వర్క్ ఎనలైజర్ మీద మీకు చెయ్యి పడుతుంది, రేపు పెద్ద ప్రపోజల్ రాసినప్పుడు ‘ఈవిడ ఇంతకుముందు ఒక ప్రాజెక్టు పూర్తి చేసింది’ అని ఉంటుంది.

మీకున్న అదృష్టం ఏమిటంటే వరంగల్ ఎన్‌ఐటీ మీ సిటీ బస్సు దారిలోనే ఉంది. 1959 అక్టోబర్ 10న నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసిన మొట్టమొదటి ఆర్‌ఈసీ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, ఎన్‌ఐటీల పాత పేరు) అది. అప్పటినుంచి మన ఊళ్లోనే ఉన్నా, మన కాలేజీల వాళ్లు ఆ గేటు దాటేది ఎఫ్‌డీపీ (అధ్యాపకుల శిక్షణ) సర్టిఫికెట్ కోసమే. 90 రోజులంటే బెంగ పడకండి, వేసవి సెలవులు, సెమిస్టర్ మధ్య ఖాళీ, శనివారాలు కలుపుకోండి. జగిత్యాలలోనో, మంథనిలోనో పనిచేసేవాళ్లు అక్కడ గది తీసుకోవాలి. మీరు ఇంట్లో అన్నం తిని వెళ్లొచ్చు. కాలేజీ నుంచి నిరభ్యంతర పత్రం మాత్రం ముందే మాట్లాడుకోవాలి. టైమ్‌టేబుల్ వేసే ఆయనతో ఇంకా ముందే.

మెంటర్ కోసం ఇరవై మందికి ఒకటే మెయిల్ కొట్టకండి. వాళ్లు పక్కపక్క గదుల్లో ఉంటారు, టీ దగ్గర మాట్లాడుకుంటారు. సెన్సర్లమీదో, డైఎలక్ట్రిక్ కొలతలమీదో పనిచేసే ఒకరిని ఎంచుకుని, వాళ్ల పేపర్లు రెండు చదివి, పది మిర్చికాయల మీద మీరు తీసిన రీడింగులు ఒక కాగితం మీద వేసుకుని వెళ్లండి. ఆ కాగితం ఉంటే మెంటర్ దొరుకుతారు. అది లేకుండా వెళ్తే ‘చూద్దాం మేడమ్’ అంటారు. ఆ మాటకు అర్థం మీకు తెలుసు.

రెండోది ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్. మూడేళ్లకు 60 లక్షల దాకా, ఓవర్‌హెడ్ (కాలేజీ నిర్వహణ ఖర్చుల వాటా) కాకుండా. వయసు పరిమితి 42, కొన్ని వర్గాలకు సడలింపులు ఉంటాయి. పోటీ గట్టిది, ఐఐటీల్లో కొత్తగా చేరిన పిల్లలంతా దానికే రాస్తారు. అలాగని వదిలేయకండి, మీకింకా సమయం ఉంది. రెండింటికీ దరఖాస్తు పెట్టాలంటే ఒకదానితో ఒకటి కుదురుతుందా అన్నది ప్రకటనలో చదువుకోండి. ప్రకటనలు ఏడాది పొడవునా ఉండవు, పిలిచినప్పుడు నెలా నెలన్నర తలుపు తెరిచి ఉంటుంది. అందుకే ప్రపోజల్ ముందే రాసి పెట్టుకోవాలి. ప్రకటన వచ్చాక కూర్చుని రాసింది హడావుడిగా రాసినట్టే ఉంటుంది.

ఈ రెండు స్కీములతో మీ హెచ్‌ఓడీ సమస్య కూడా దానంతటదే తీరుతుంది. టేర్‌లో దరఖాస్తు వ్యక్తి పేరునే, 90 రోజులు ఆయన వెళ్లి కూర్చోరు. రెండోదానికి వయసు అడ్డం. ‘సార్, మీ పేరు పెడదామనే చూశాను, రూల్సు ఒప్పుకోవట్లేదు’ అని నిజమే చెప్పండి. ఆయన్ని నొప్పించి లాభం లేదు, మీ క్లాసుల లోడ్ తగ్గించాల్సింది ఆయనే. వేరే స్కీముకు వెళ్లినప్పుడు కో-పీఐగా పెట్టండి, పని కూడా అప్పగించండి. పీఐగా మాత్రం మీరే ఉండండి. రేపు మీరు కాలేజీ మారితే ఆ తేడా తెలుస్తుంది.

మీ బడ్జెట్ గురించి కొంచెం కోపంగానే రాస్తాను. 48 లక్షలు అడిగారు. మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక త్రీడీ ప్రింటర్, ల్యాబుకు ఏసీ, ఒక విదేశీ కాన్ఫరెన్సు. మిర్చి కొనడానికి ఒక్క రూపాయి లేదు! మిర్చి మీద ప్రాజెక్టులో మూడేళ్లపాటు మిర్చి ఎవరు ఉచితంగా ఇస్తారమ్మా? రకాలవారీగా కొనాలి, ఆరబెట్టాలి, తేమ మార్చి మార్చి పెట్టాలి, టోలీన్ పరీక్షకు పంపాలి. అవన్నీ కన్జ్యూమబుల్స్‌లో రావాలి. జేఆర్‌ఎఫ్‌కు (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) నెలకు 25,000 వేశారు, అది ఎప్పటిదో. 2023 జనవరి నుంచి గేట్ లేదా నెట్ పరీక్ష పాసైన జేఆర్‌ఎఫ్‌కు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయ్యాక 42,000. రెండేళ్లకు 8,88,000, మూడో ఏడు 5,04,000, మొత్తం 13,92,000, దానిపైన ఇంటి అద్దె భత్యం. ఇది తప్పు వేస్తే మిగతా అంకెలు ఎవరూ నమ్మరు. పైగా అసలు జేఆర్‌ఎఫ్ దొరకడమే గగనం, గేట్ వచ్చిన పిల్ల వరంగల్‌లో ఎందుకుంటుంది, కాజీపేటలో రైలెక్కేస్తుంది. మీ ఎంటెక్ విద్యార్థుల్లో ఎవరైనా ఉంటారేమో ఇప్పటినుంచే కన్నేసి ఉంచండి. ల్యాప్‌టాప్‌లూ ఏసీ కొట్టేయండి. పెద్ద పరికరం కొనేముందు ఐ-స్టెమ్ పోర్టల్‌లో చూడండి, ఏ సంస్థలో ఏ పరికరం ఉందో, ఎవరికి వాడనిస్తారో అందులో కనిపిస్తుంది. పరీక్ష ఫీజు వేసుకుంటే సరిపోయేదానికి పరికరం మొత్తం అడిగితే కోత పడుతుంది.

ఏసీ గురించి నాకు కోపం ఎందుకంటే, నా మొదటి ప్రపోజల్ అలాగే పోయింది. నల్లరేగడి నేలలమీద రాశాను, మూడు కంప్యూటర్లూ ఏసీ పెట్టాను. ‘దరఖాస్తుదారుకు మట్టి కంటే గది ముఖ్యమనిపిస్తోంది’ అని రివ్యూయర్ రాశాడు. ఆ కాగితం చాలాకాలం దాచుకున్నాను.

డబ్బు వచ్చాక ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మీకు ఎవరూ చెప్పరు. ఏడాది చివర యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం) పంపాలి, జీఎఫ్‌ఆర్ 12-ఎ అనే ఫారంలో, ఖర్చుల పట్టిక జోడించి. అది వెళ్లకపోతే రెండో విడత రాదు. ఖాతాలో వడ్డీ పడితే దాన్ని కూడా వెనక్కి కట్టాలి. నేను పనిచేసిన ఒక కాలేజీలో ప్రాజెక్టు డబ్బును ఆ నెల జీతాలకు ‘సర్దుబాటు’ చేసేశారు. వచ్చే నెల వేసేస్తాం సార్ అన్నారు. ఆ వచ్చే నెల పద్నాలుగు నెలలకు వచ్చింది. లేని డబ్బుకు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టలేను, పెట్టకపోతే రెండో విడత లేదు. మధ్యలో నా జేఆర్‌ఎఫ్ కుర్రాడికి ఐదు నెలలు జీతం ఆగింది. నా జేబులోంచి కొంత ఇచ్చాను. ఆరో నెల అతను హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు, వెళ్తూ కాళ్లకు దండం పెట్టి మరీ వెళ్లాడు, నాకే సిగ్గనిపించింది. కాబట్టి శాంక్షన్ లెటర్ రాకముందే ప్రిన్సిపాల్‌తో, అకౌంట్స్ ఆయనతో కూర్చుని ప్రాజెక్టు ఖాతా విడిగా ఉంటుందని, మీ సంతకం లేకుండా అందులోంచి డబ్బు కదలదని రాయించుకోండి. వాళ్లకు గ్రాంటు కావాలి అన్నప్పుడే ఇది అడగాలి. వచ్చాక అడిగితే వినరు.

ప్రైవేటు కాలేజీకి ఇంకో చిన్న చిక్కు ఉంది, సొసైటీకో ట్రస్టుకో నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల నమోదు పోర్టల్) నంబరు తరచూ అడుగుతారు. ఆఫీసులో ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి. కాలేజీ ఒప్పుకుంటున్నట్టు ఇచ్చే ఎండార్స్‌మెంట్ లెటర్ కూడా వాళ్లిచ్చిన నమూనాలోనే ఉండాలి, గడువు రోజు సాయంత్రం ప్రిన్సిపాల్ ఊళ్లో ఉండరు, ఇది ప్రకృతి నియమం.

ఈ పేజీ చదివే మిగతావాళ్ల కోసం నాలుగు మాటలు. సింగరేణి చుట్టుపక్కల మైనింగ్, మెకానికల్ వాళ్లు బొగ్గు మంత్రిత్వ శాఖ ఎస్ అండ్ టీ (సైన్స్, టెక్నాలజీ) గ్రాంట్లు చూడండి, వాటిని రాంచీలోని కోల్ ఇండియా అనుబంధ సంస్థ సీఎంపీడీఐ చూస్తుంది. విద్యుత్ వాళ్లకు సీపీఆర్ఐ (కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ) నడిపే రీసెర్చ్ స్కీమ్ ఆన్ పవర్ ఉంది. మెగా టెక్స్‌టైల్ పార్కు పక్కనే ఉండి కూడా 2020లో 1,480 కోట్లతో మొదలైన టెక్నికల్ టెక్స్‌టైల్స్ (పరిశ్రమలు, ఆసుపత్రుల్లాంటి చోట్ల వాడే బట్టలు) మిషన్ పేరు వినని వాళ్లున్నారు. ఇస్రో గ్రాంట్ల స్కీము రెస్పాండ్‌లో వాళ్లకు ఏ సమస్యలు కావాలో వాళ్లే పుస్తకంగా వేస్తారు. డీఆర్‌డీవోలో ఏరోనాటిక్స్‌కు, నేవీకి, ఆయుధాలకు విడివిడి బోర్డులున్నాయి. ఈ చివరి రెండింటిలో లోపల ఒక సైంటిస్టుకు మీ పని మీద ఆసక్తి ఉండటం చాలా ముఖ్యం, హైదరాబాద్‌లో ఆ ల్యాబులు బోలెడున్నాయి, వెళ్లి కలవండి. యూనివర్సిటీల్లో కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు కూడా నాకు రాస్తుంటారు. వీటిలో ఎక్కువ స్కీములు రెగ్యులర్ పోస్టు అడుగుతాయి. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

అమ్మా, మీ ప్రపోజల్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టి పోస్టులో వెనక్కి పంపుతున్నాను. పది కాయల రీడింగులతో, నాలుగో పేజీలో ఉన్న మిర్చి మొదటి పేజీలోకి వచ్చాక ఇంకోసారి పంపండి, చదువుతాను.